ఏ టేబుల్‌లోని ‘పేరు’? జాయిన్ క్వెరీల్లో కాలమ్ పేర్ల సందిగ్ధత

రెండు టేబుళ్లు ఉన్నాయి. ఒకటి ఉద్యోగులది, రెండోది శాఖలది. ఉద్యోగుల టేబుల్‌లో ఐడీ, పేరు, శాఖ_ఐడీ, మేనేజర్_ఐడీ అనే కాలమ్‌లు ఉన్నాయి. శాఖల టేబుల్‌లో ఉన్నవి ఐడీ, పేరు మాత్రమే. ఎవరు ఏ శాఖలో పనిచేస్తున్నారో తెలుసుకోవడానికి ఎస్‌క్యూఎల్ భాషలో ఒక క్వెరీ, అంటే డేటాబేస్‌ను అడిగే ప్రశ్న రాయాలి. అందులో జాయిన్ రెండు టేబుళ్లను కలుపుతుంది, ఆన్ తర్వాత కలిపే షరతు వస్తుంది. చదవడానికి వీలుగా ఇక్కడి ఉదాహరణలన్నీ తెలుగు లిపిలోనే ఉంటాయి.

సెలెక్ట్ ఐడీ, పేరు
ఫ్రమ్ ఉద్యోగులు జాయిన్ శాఖలు
ఆన్ ఉద్యోగులు.శాఖ_ఐడీ = శాఖలు.ఐడీ

దీన్ని నడపబోతే ఏ డేటాబేస్ అయినా ఆపేస్తుంది. మైఎస్‌క్యూఎల్‌లో అది 1052 నంబరు ఎర్రర్. పోస్ట్‌గ్రెస్‌లో 42702. ఒరాకిల్‌లో ఓఆర్ఏ-00918. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో 209. ఎస్‌క్యూలైట్ నంబరు జోలికి పోకుండా ఒక వాక్యంతో సరిపెడుతుంది. మాటలు కొద్దిగా మారినా అన్నీ చెప్పేది ఒక్కటే: మీరు అడిగిన ‘ఐడీ’ రెండు చోట్ల ఉంది, మీకు ఏది కావాలో తెలియడం లేదు. మైఎస్‌క్యూఎల్ సందేశంలో ఒక ఉపయోగకరమైన వివరం కూడా ఉంటుంది. సందిగ్ధమైన పేరు సెలెక్ట్ జాబితాలో ఉందా, వేర్‌లో ఉందా, ఆన్‌లో ఉందా, ఆర్డర్ బైలో ఉందా అన్నది అందులోనే రాసి ఉంటుంది. పెద్ద క్వెరీలో తప్పు వెతికేటప్పుడు చాలామంది ఆ ముక్కను చదవకుండానే దాటేస్తారు. ముందు చదవాల్సింది అదే.

కొత్తగా నేర్చుకునేవారికి ఇక్కడ ఒక న్యాయమైన సందేహం వస్తుంది. రెండు టేబుళ్లలోనూ కాలమ్ పేరు శాఖ_ఐడీయే అనుకుందాం. ఆ రెండూ సమానంగా ఉండాలని ఆన్‌లో మనమే రాశాం. విలువ ఒకటే అయినప్పుడు ఏది ఇచ్చినా ఒకటే కదా, మరి డేటాబేస్ ఎందుకు మొరాయిస్తుంది?

జవాబు ఆ పని జరిగే క్రమంలో ఉంది. క్వెరీ అందగానే డేటాబేస్ దాన్ని ముక్కలుగా విడదీస్తుంది. ఆ తర్వాత అందులోని ప్రతి పేరూ ఏ టేబుల్‌లోని ఏ కాలమ్‌కు చెందుతుందో ముడిపెడుతుంది. ఇదంతా ఒక్క వరుస కూడా చదవకముందే అయిపోతుంది. ఆ దశలో డేటాబేస్ దగ్గర ఉండేవి పేర్లు, రకాలు మాత్రమే. విలువలు ఇంకా దాని ముందుకు రాలేదు. ఒక పేరుకు ఇద్దరు హక్కుదారులు కనిపించారంటే పని అక్కడితో ఆగిపోతుంది. టేబుళ్లు ఖాళీగా ఉన్నా ఇదే ఎర్రర్ రావడానికి కారణం ఇదే.

పైగా విలువలు ఎప్పుడూ ఒకటే అన్న నమ్మకం కూడా నిలవదు. ఎడమ టేబుల్ వరుసలన్నిటినీ జత దొరకకపోయినా ఉంచే లెఫ్ట్ జాయిన్ వాడి చూడండి. ఏ శాఖకూ చేరని ఉద్యోగి వరుసలో శాఖల వైపు కాలమ్‌లన్నీ నల్‌గా, అంటే విలువ లేకుండా వస్తాయి. ఉద్యోగి దగ్గర శాఖ_ఐడీ 9 అని రాసి ఉండి, శాఖల టేబుల్‌లోంచి 9 ఎప్పుడో చెరిగిపోయిందనుకుందాం. అప్పుడు ఎడమ వైపు 9 ఉంటుంది, కుడి వైపు నల్ ఉంటుంది. ఇలాంటి అనాథ వరుసలను పట్టుకోవడానికి ‘శాఖ_ఐడీ నల్ అయినవి చూపించు’ అని రాస్తే, అది ఏ వైపు శాఖ_ఐడీ అన్నదాన్ని బట్టి జవాబు పూర్తిగా మారిపోతుంది. కుడి వైపుది అయితే అనాథలు కూడా దొరుకుతారు. ఎడమ వైపుది అయితే అసలు శాఖే కేటాయించని వారు మాత్రం దొరుకుతారు. ఈ రెంటిలో మన ఉద్దేశం ఏదో డేటాబేస్ ఊహించలేదు. ఊహించకూడదు కూడా.

పరిష్కారం అందరికీ తెలిసిందే. కాలమ్ ముందు టేబుల్ పేరు, మధ్యలో ఒక చుక్క. టేబుల్ పేరు కాలమ్‌కు ఇంటిపేరులాంటిది. ఉద్యోగులు.పేరు అన్నాక శాఖలు.పేరుతో తికమక ఉండదు. ప్రతిసారీ పొడవాటి పేరు రాయడం విసుగనిపిస్తే టేబుల్‌కు చిన్న మారుపేరు, అంటే ఏలియస్ పెట్టుకోవచ్చు: ఫ్రమ్ ఉద్యోగులు యాజ్ ఉ, జాయిన్ శాఖలు యాజ్ శా. ఒరాకిల్‌లో టేబుల్ ఏలియస్ ముందు యాజ్ రాయకూడదు, ఖాళీ వదిలి నేరుగా ఏలియస్ రాయాలి. ఇంకొకటి: ఏలియస్ పెట్టిన తర్వాత ఆ క్వెరీలో అసలు పేరు చెల్లదు. ఉ అని పెట్టి, కింద ఎక్కడో ఉద్యోగులు.పేరు అని రాస్తే ఎర్రరే వస్తుంది.

ఏలియస్ సౌకర్యం కోసం మాత్రమే కాదు, తప్పనిసరి అయ్యే సందర్భం కూడా ఉంది. ఉద్యోగి పక్కన అతని మేనేజర్ పేరు కావాలంటే ఉద్యోగుల టేబుల్‌ను దానితోనే జాయిన్ చేయాలి. అక్కడ టేబుల్ పేరు కూడా రెండు వైపులా ఒకటే. కాబట్టి అది తేడా చెప్పలేదు. ఒక వైపు ఉ అని, ఇంకో వైపు మే అని పిలిస్తేనే ఉ.పేరు, మే.పేరు వేరవుతాయి. ఈ చిక్కు రిలేషనల్ డేటాబేస్‌ల పుట్టుకతోనే వచ్చింది. 1970లో ఎడ్గర్ కాడ్ రిలేషనల్ నమూనాను ప్రతిపాదించిన వ్యాసంలోనే ఇది కనిపిస్తుంది. ఏ విడిభాగం ఏ విడిభాగంలో ఇమిడి ఉంటుందో చెప్పే ఒక పట్టికను ఆయన ఉదాహరణగా తీసుకున్నాడు. అందులో ‘పార్ట్’ అనే కాలమ్ రెండుసార్లు వస్తుంది. ఒకటి లోపల ఇమిడే భాగం, మరొకటి దాన్ని ఇముడ్చుకునే భాగం. వాటిని విడదీయడానికి ఆయన సూచించింది పాత్రను తెలిపే పేరు: సబ్.పార్ట్, సూపర్.పార్ట్. కాలమ్‌ను దాని స్థానంతో కాక పేరుతో గుర్తించాలంటే ఆ పేరు ఒక్కదాన్నే సూచించాలన్నది ఆ చుక్క వెనక ఉన్న ఆలోచన.

ఇంతవరకు చెప్పుకున్నది తేలిక భాగం. ఎర్రర్ వస్తే పనికి కాసేపు ఆటంకం కలుగుతుంది, అంతే. సరిచేసుకోవడానికి అర నిమిషం పట్టదు. అసలు నష్టం ఎర్రర్ రాని చోట్ల జరుగుతుంది. ఒకే పేరు రెండింటికి వర్తిస్తున్నా, ఏదో ఒక నియమం ప్రకారం వ్యవస్థ ఒకదాన్ని ఎంచుకుని, మనకు చెప్పకుండా ముందుకు సాగిపోయే సందర్భాలు ఎస్‌క్యూఎల్ చుట్టూ చాలానే ఉన్నాయి.

మొదటిది సెలెక్ట్ స్టార్. పై రెండు టేబుళ్లను జాయిన్ చేసి స్టార్ పెడితే ఏ డేటాబేస్ కూడా అభ్యంతరం చెప్పదు. ఎందుకంటే మనం ఏ పేరునూ అడగలేదు, ఉన్నవన్నీ ఇమ్మన్నాం. ఫలితంలో ఐడీ రెండుసార్లు, పేరు రెండుసార్లు వస్తాయి. తెర మీద పట్టికలా చూస్తే అందులో ఇబ్బందేమీ లేదు. ఇబ్బంది ఆ ఫలితాన్ని ప్రోగ్రామ్ అందుకున్నప్పుడు మొదలవుతుంది. ప్రోగ్రామ్‌లు ప్రతి వరుసనూ సాధారణంగా ‘పేరు, విలువ’ జతలుగా దాచుకుంటాయి. అందులో ఒక పేరుకు ఒక్కటే చోటు. మరి రెండు ఐడీల్లో ఏది మిగలాలి?

దీనికి అందరూ ఒప్పుకున్న జవాబు లేదు. పీహెచ్‌పీలో మైఎస్‌క్యూఎల్‌ఐ ద్వారా వరుసను పేర్లతో తీసుకుంటే చివర వచ్చిన కాలమ్ నిలుస్తుంది, ముందుది చెరిగిపోతుంది. జావాలో జేడీబీసీ ద్వారా పేరుతో అడిగితే సరిగ్గా దీనికి వ్యతిరేకం, మొదటి కాలమ్ విలువ వస్తుంది. ఒకే డేటాబేస్, ఒకే క్వెరీ, రెండు భాషల్లో రెండు జవాబులు. రెండూ తమ తమ పత్రాల్లో రాసి ఉన్న నియమాన్నే పాటిస్తున్నాయి, కాబట్టి దేన్నీ తప్పు పట్టలేం.

దగ్గరి నుంచి చూస్తే దీని ప్రభావం అర్థమవుతుంది. ఉద్యోగుల జాబితా చూపే ఒక వెబ్ పేజీ ఉంది. ప్రతి పేరు పక్కన ‘సవరించు’ అనే లింకు. ప్రోగ్రామర్ మొదట స్టార్ పెట్టి చూశారు. ఉద్యోగి పేరు ఉండాల్సిన చోట శాఖ పేరు కనిపించింది. వెంటనే తప్పు తెలిసి క్వెరీని ఇలా మార్చారు:

సెలెక్ట్ ఉ.*, శా.ఐడీ, శా.పేరు యాజ్ శాఖ_పేరు

ఇప్పుడు పేజీలో పేర్లన్నీ సరిగ్గా ఉన్నాయి. పేరు కంటికి కనిపిస్తుంది కాబట్టి సవరించారు. ఐడీ కనిపించదు, అది లింకులో దాగి ఉంటుంది. ఏడో నంబరు ఉద్యోగి లత మూడో నంబరు శాఖలో పనిచేస్తుంటే, పీహెచ్‌పీ చేతిలో ఆ వరుస ఐడీ 3 అవుతుంది. లత పక్కన ఉన్న లింకు నొక్కితే మూడో నంబరు ఉద్యోగి రఘు వివరాలు తెరుచుకుంటాయి. ఆ పేజీలో ఫోను నంబరు మార్చి సేవ్ చేస్తే మారేది రఘు నంబరు. ఎక్కడా ఎర్రర్ లేదు, లాగ్‌లో ఏమీ లేదు. పరీక్ష కోసం పెట్టిన డేటాలో ఒకటో ఉద్యోగి ఒకటో శాఖలో ఉంటాడు కాబట్టి అక్కడ అంతా సవ్యంగానే నడిచి ఉంటుంది. ఇన్నర్ జాయిన్ బదులు లెఫ్ట్ జాయిన్ వాడి ఉంటే, శాఖ లేని ఉద్యోగుల లింకులు ఖాళీ ఐడీతో తయారయ్యేవి. అప్పుడైనా ఎవరో ఒకరికి అనుమానం వచ్చేది.

పీహెచ్‌పీలోనే పీడీవోలో ఫెచ్ నేమ్డ్ అనే పద్ధతి ఉంది. ఒకే పేరుతో ఎన్ని కాలమ్‌లు వస్తే అన్నిటి విలువలనూ ఒక జాబితాగా ఇస్తుంది. పైథాన్‌లో పట్టికలతో పనిచేసే పాండాస్ లైబ్రరీ వాడేవారికి ఈ సంగతి ఇంకోలా పరిచయం. రెండు పట్టికలను మెర్జ్ చేసినప్పుడు కలపడానికి వాడని కాలమ్‌లలో పేర్లు ఢీకొంటే అది వాటికి ఎక్స్, వై అనే తోకలు తగిలిస్తుంది. చూడ్డానికి అందంగా ఉండదు, కానీ ఏ విలువా పోదు. ఈ విషయంలో పాండాస్ దారే మెరుగైనది.

వ్యూ, అంటే పేరు పెట్టి దాచుకునే క్వెరీ తయారు చేసేటప్పుడు మాత్రం చాలా డేటాబేస్‌లు మళ్లీ కఠినంగా ఉంటాయి. జాయిన్ మీద సెలెక్ట్ స్టార్‌తో వ్యూ చేయబోతే, ఒకే పేరు రెండుసార్లు వచ్చిందని నిరాకరిస్తాయి. ఫలితం చూపించడానికి ఒప్పుకుని, అదే ఫలితానికి పేరు పెట్టి దాచుకోమంటే ఒప్పుకోకపోవడం వింతగా తోస్తుంది. కానీ రేపు ఆ వ్యూలోంచి ఎవరైనా ఐడీ అడిగితే ఏది ఇవ్వాలన్న ప్రశ్న అక్కడ తప్పదు కదా.

రెండో సందర్భం సబ్‌క్వెరీ, అంటే క్వెరీ లోపల ఇంకో క్వెరీ. దీని గురించి కాస్త ఎక్కువ చెప్పుకోవాలి, ఎందుకంటే డేటా పోగొట్టే ప్రమాదం దీనిలోనే అన్నిటికన్నా ఎక్కువ.

వెళ్లిపోయినవారు అనే టేబుల్‌లో ఉద్యోగం మానేసినవారి వివరాలు ఉన్నాయి. అందులోని కాలమ్‌లు ఉద్యోగి_సంఖ్య, తేదీ. ఐడీ అనే కాలమ్ అందులో లేదు. ఆ సంగతి మరిచిపోయి ఎవరో ఇలా రాశారు:

డిలీట్ ఫ్రమ్ ఉద్యోగులు
వేర్ ఐడీ ఇన్ (సెలెక్ట్ ఐడీ ఫ్రమ్ వెళ్లిపోయినవారు)

లేని కాలమ్ అడిగారు కాబట్టి ఎర్రర్ వస్తుందని ఎవరైనా అనుకుంటారు. రాదు. లోపలి క్వెరీని విడిగా నడిపితే వస్తుంది, ఇలా కలిపి నడిపితే రాదు. సబ్‌క్వెరీలో ఒక పేరు కనిపించినప్పుడు డేటాబేస్ ముందు లోపలి టేబుళ్లలో వెతుకుతుంది. అక్కడ దొరకకపోతే ఒక మెట్టు బయటికి వచ్చి బయటి క్వెరీ టేబుళ్లలో వెతుకుతుంది. ఉద్యోగుల టేబుల్‌లో ఐడీ ఉంది. దాన్నే తీసుకుంటుంది. అప్పుడు ఆ షరతుకు అర్థం ‘ఈ ఉద్యోగి ఐడీ, ఇదే ఉద్యోగి ఐడీకి సమానమైతే తొలగించు’ అని. వెళ్లిపోయినవారి టేబుల్‌లో ఒక్క వరుస ఉన్నా చాలు, ప్రతి ఉద్యోగికీ ఆ షరతు నిజమే. టేబుల్ మొత్తం ఖాళీ అవుతుంది.

ఇది ఏదో ఒక్క ఉత్పత్తిలోని లోపం కాదు, ఎస్‌క్యూఎల్ ప్రమాణం కోరే ప్రవర్తన. బయటి వరుసను బట్టి లోపలి లెక్క మారే కోరిలేటెడ్ సబ్‌క్వెరీలు పనిచేయాలంటే లోపలికి బయటి పేర్లు కనిపించాల్సిందే. మెట్టు మెట్టుగా వెతకడం వల్ల ఇక్కడ సందిగ్ధత అన్న మాటే పుట్టదు. ఒకే మెట్టులో ఇద్దరు ఎదురైతేనే ఎర్రర్. వేర్వేరు మెట్లలో ఉంటే దగ్గరగా ఉన్నదే గెలుస్తుంది. లోపల సెలెక్ట్ ఐడీ అనే చోట వెళ్లిపోయినవారు.ఐడీ అని రాసి ఉంటే, ‘అలాంటి కాలమ్ లేదు’ అని డేటాబేస్ అక్కడే ఆపేది. టేబుల్ పేరు ఒక్క మాట రాయకపోవడం వల్ల తప్పు బయటపడే అవకాశమే పోయింది.

ఇదే నియమం కాలక్రమంలో ఇంకో రూపంలో ఎదురవుతుంది. సెలవులో ఉన్న ఉద్యోగులను వెతికే క్వెరీ ఒకటి ఉంది:

సెలెక్ట్ పేరు ఫ్రమ్ ఉద్యోగులు
వేర్ ఎగ్జిస్ట్స్ (సెలెక్ట్ 1 ఫ్రమ్ సెలవులు వేర్ సెలవులు.ఉద్యోగి_ఐడీ = ఐడీ)

సెలవుల టేబుల్‌లో ఐడీ లేనంత కాలం చివరి ఐడీ అంటే ఉద్యోగి ఐడీయే. క్వెరీ సరిగ్గా పనిచేస్తుంది. కొన్నాళ్లకు ఎవరో సెలవుల టేబుల్‌కు ప్రతి వరుసనూ విడిగా గుర్తించే ప్రైమరీ కీ ఉండాలని ఐడీ అనే కాలమ్ చేర్చారు. మంచి ఉద్దేశంతోనే చేశారు. ఆ క్షణం నుంచి ఆ పేరు లోపలి టేబుల్‌లోనే దొరుకుతుంది. షరతు కాస్తా ‘ఉద్యోగి_ఐడీ, సెలవు ఐడీ సమానమైన వరుస సెలవుల్లో ఎక్కడైనా ఉందా’ అని మారిపోతుంది. ఉంటే ఉద్యోగులందరూ ఫలితంలోకి వస్తారు, లేకపోతే ఒక్కరూ రారు. క్వెరీలో ఒక్క అక్షరం మారలేదు, దాని అర్థం మాత్రం మారింది.

ఇక్కడ సాధారణ జాయిన్‌ను పోల్చి చూడాలి. ఉద్యోగుల టేబుల్‌లో మాత్రమే చిరునామా ఉందని, జాయిన్ క్వెరీలో చిరునామా అని ఒంటరిగా రాశారనుకుందాం. ఏడాది తర్వాత శాఖలకు కూడా చిరునామా చేర్చారు. నిన్నటిదాకా నడిచిన రిపోర్టు ఈ రోజు సందిగ్ధత ఎర్రర్‌తో ఆగిపోతుంది. చిరాకు కలిగించే విషయమే. కానీ ఆగిపోయింది కాబట్టి ఎవరో ఒకరు చూసి సరిచేస్తారు. సబ్‌క్వెరీ మాత్రం ఆగకుండా తప్పుడు ఫలితాలు ఇస్తూనే ఉంటుంది. ఈ రెంటినీ పక్కపక్కన పెడితే 1052, 209 లాంటి ఎర్రర్ల మీద కోపం రాదు.

మూడోది నేచురల్ జాయిన్. 1992 ప్రమాణం ఎస్‌క్యూఎల్‌కు జాయిన్, ఆన్ అన్న మాటలతో పాటు యూజింగ్‌ను, నేచురల్ జాయిన్‌ను కూడా తెచ్చింది. అంతకుముందు ఫ్రమ్‌లో టేబుళ్లను కామాలతో రాసి, కలిపే షరతులను వేర్‌లో పెట్టేవారు. నేచురల్ జాయిన్‌లో షరతే రాయనక్కర్లేదు. రెండు టేబుళ్లలో పేరు కలిసిన కాలమ్‌లన్నిటినీ అదే సమానం చేస్తుంది, ఫలితంలో వాటిని ఒక్కసారే చూపిస్తుంది. సందిగ్ధత అనేదే ఉండదు. వినడానికి చక్కగా ఉంది. మన రెండు టేబుళ్లకు దాన్ని వర్తింపజేస్తే ఉద్యోగి ఐడీ శాఖ ఐడీతో, ఉద్యోగి పేరు శాఖ పేరుతో సమానం కావాలంటుంది. గణాంకాలు అనే పేరున్న ఉద్యోగి ఎవరూ ఉండరు కాబట్టి ఫలితం సున్నా వరుసలు. అసలు కలపాల్సిన శాఖ_ఐడీని అది పట్టించుకోనే లేదు, ఎందుకంటే ఆ పేరు రెండో వైపు లేదు. ఉమ్మడి పేరు ఒక్కటీ లేని టేబుళ్ల మధ్య పెడితే ఇంకో చివరికి పోతుంది: ప్రతి వరుసనూ ప్రతి వరుసతో కలిపి క్రాస్ జాయిన్ చేసేస్తుంది. రెండు టేబుళ్లకూ మార్పు_తేదీ లాంటి కాలమ్ కొత్తగా చేరిన రోజున బాగా నడుస్తున్న నేచురల్ జాయిన్ వరుసలను మింగేస్తుంది. రేపటి కాలమ్‌ల పేర్లను బట్టి ఈ రోజు క్వెరీ అర్థం మారే ఈ పద్ధతిని నిజమైన ప్రోగ్రామ్‌లలో వాడకపోవడమే మంచిది. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో అసలిది లేదు, యూజింగ్ కూడా లేదు.

యూజింగ్ అంత ప్రమాదకరం కాదు, కలిపే కాలమ్ ఏదో అందులో మనమే చెబుతాం. రెండు వైపులా శాఖ_ఐడీ ఉంటే యూజింగ్ తర్వాత అది ఒక్కటిగా కలిసిపోతుంది, టేబుల్ పేరు లేకుండానే వాడుకోవచ్చు. రెండు వైపుల వరుసలన్నిటినీ ఉంచే ఫుల్ జాయిన్‌లో ఎడమ వైపు విలువ లేకపోతే కుడి వైపుది వస్తుంది. లెఫ్ట్ జాయిన్‌లో ఎడమ వైపుదే. అంటే ముందు చెప్పుకున్న అనాథ వరుసల వెతుకులాటలో యూజింగ్ వాడి, ఒంటరిగా శాఖ_ఐడీ నల్ అని రాస్తే ఎర్రర్ రాదు, అనాథలూ దొరకరు. పోస్ట్‌గ్రెస్, మైఎస్‌క్యూఎల్ అలాంటప్పుడు శాఖలు.శాఖ_ఐడీ అని విడిగా అడగనిస్తాయి. ఒరాకిల్ అదీ ఒప్పుకోదు, యూజింగ్‌లో ఉన్న కాలమ్‌కు టేబుల్ పేరు తగిలించరాదంటూ ఓఆర్ఏ-25154 ఇస్తుంది. అక్కడ ఆన్ రాసుకోవడమే దారి.

ఆర్డర్ బై, గ్రూప్ బైల దగ్గర పేర్ల వ్యవహారం ఇంకాస్త సున్నితం. సెలెక్ట్‌లో ఉ.పేరు ఒక్కటే ఉంటే, చివర ఆర్డర్ బై పేరు అని ఒంటరిగా రాసినా పోస్ట్‌గ్రెస్ ఒప్పుకుంటుంది. ఫలితంలోని పేరు అనే కాలమ్‌కే అది మొదటి ప్రాధాన్యం ఇస్తుంది. అదే పేరును పెద్ద అక్షరాలకు మార్చే అప్పర్ ఫంక్షన్‌లో పెట్టి ఆర్డర్ బైలో రాస్తే సందిగ్ధత ఎర్రర్ వచ్చేస్తుంది. ఒంటరి పేరు కాక ఏదైనా లెక్క కనిపించగానే అది ఫలితాన్ని వదిలి మూల టేబుళ్లలో వెతుకుతుంది, అక్కడ పేరు రెండు చోట్ల ఉంది. గ్రూప్ బైలో ప్రాధాన్యం తిరగబడుతుంది. తేదీని నెలకు కుదించి, ఆ ఫలితానికి మళ్లీ చేరిన_తేదీ అనే పాత పేరే పెట్టి, గ్రూప్ బై చేరిన_తేదీ అని రాస్తే పోస్ట్‌గ్రెస్ అసలు తేదీతోనే గుంపులు చేస్తుంది. నెలకు ఒక వరుస రావాల్సిన చోట ఒకే నెల పదిసార్లు కనిపిస్తుంది. మైఎస్‌క్యూఎల్ కూడా గ్రూప్ బైలో మూల కాలమ్‌నే ముందు చూస్తుంది. కుదించిన విలువకు చేరిన_నెల అని కొత్త పేరు పెడితే ఈ బాధే ఉండదు.

జాయిన్ కంటికి కనిపించని చోట కూడా సందిగ్ధత ఎదురుపడుతుంది. పోస్ట్‌గ్రెస్‌లో కొత్త వరుస చేర్చబోయి, అది ముందే ఉంటే సంఖ్యను ఒకటి పెంచమని ఆన్ కాన్‌ఫ్లిక్ట్‌తో రాస్తారు: సెట్ సంఖ్య = సంఖ్య + 1. వాడుతున్నది ఒక్క టేబులే అయినా ఎర్రర్ వస్తుంది. టేబుల్‌లో ఉన్న పాత వరుసతో పాటు, చేర్చబోయిన కొత్త వరుస కూడా ఎక్స్‌క్లూడెడ్ అనే పేరుతో అక్కడ హాజరై ఉంటుంది. సమానం గుర్తుకు కుడి వైపున టేబుల్ పేరు చేర్చాలి. ఎడమ వైపున అక్కర్లేదు, మారేది ఏ టేబుల్ కాలమ్ అన్నది అక్కడ ముందే తెలుసు కాబట్టి.

డేటాబేస్‌లోనే దాచి నడిపే చిన్న ప్రోగ్రామ్‌లైన స్టోర్డ్ ప్రొసీజర్లలో కాలమ్‌తో పోటీపడేది ఇంకో కాలమ్ కాదు, వేరియబుల్. ఐడీ అనే పారామీటర్ తీసుకుని, వేర్ ఐడీ = ఐడీ అన్న షరతుతో ఒక ఉద్యోగిని తొలగించే ప్రొసీజర్ రాశారనుకుందాం. మైఎస్‌క్యూఎల్ రెండు ఐడీలనూ వేరియబుల్‌గానే తీసుకుంటుంది. ఒరాకిల్ రెండింటినీ కాలమ్‌గా తీసుకుంటుంది. దారులు వేరైనా చేరేది ఒక్కచోటికే: షరతు ప్రతి వరుసకూ నిజమవుతుంది, టేబుల్ మొత్తం పోతుంది. పోస్ట్‌గ్రెస్ కూడా ఒకప్పుడు వేరియబుల్‌కే ఓటు వేసేది. 2010లో వచ్చిన 9.0 వెర్షన్ నుంచి దాని ప్రొసీజర్ భాష పీఎల్‌పీజీఎస్‌క్యూఎల్‌లో ఇలాంటి చోట మామూలుగా ఎర్రరే వస్తుంది. పాత ప్రవర్తన కావాలనుకునేవారు సెట్టింగ్ మార్చుకోవచ్చు. నడుస్తున్న పాత కోడ్ కొంత ఆగిపోతుందని తెలిసీ ఆ మార్పు చేయడం సరైన నిర్ణయం. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో వేరియబుల్ పేర్ల ముందు ఎట్ గుర్తు తప్పనిసరి కాబట్టి ఈ చిక్కుకు తావే లేదు. మైఎస్‌క్యూఎల్ వాడేవారు పారామీటర్ల ముందు పీ_ లాంటి ముద్ర పెట్టుకోవడం అందుకే అలవాటైంది.

మరి మొదట్లోనే కాలమ్‌లకు ఎక్కడా కలవని పేర్లు పెట్టుకుంటే ఈ గొడవంతా ఉండదు కదా అన్న వాదన ఉంది. ఉద్యోగి_ఐడీ, ఉద్యోగి_పేరు, శాఖ_ఐడీ, శాఖ_పేరు అని పెట్టేవారు ఉన్నారు. ప్రతి టేబుల్‌లోనూ ఐడీ అని క్లుప్తంగా ఉంచేవారూ ఉన్నారు. మొదటి పద్ధతికి ఒక నిజమైన బలం ఉంది. ప్రైమరీ కీ, దాన్ని సూచించే ఫారిన్ కీ ఒకే పేరుతో ఉంటాయి కాబట్టి శాఖ_ఐడీని పొరపాటున ఉద్యోగి_ఐడీతో కలిపితే కంటికి వెంటనే తగులుతుంది. రెండో పద్ధతిలో ఉ.ఐడీ = శా.ఐడీ అన్న తప్పు చూడ్డానికి ఎంతో సహజంగా ఉంటుంది. అయినా మొదటి పద్ధతి సందిగ్ధతను పోగొట్టదు. ఫారిన్ కీ కూడా అదే పేరుతో ఉంది కాబట్టి జాయిన్ చేసిన ప్రతిసారీ శాఖ_ఐడీ రెండు చోట్లా ఉంటుంది. టేబుల్‌ను దానితోనే జాయిన్ చేస్తే అన్ని పేర్లూ ఢీకొంటాయి. పేర్లు ఎలా పెట్టినా క్వెరీలో టేబుల్ పేరు రాయక తప్పదు. కాబట్టి ఏ పద్ధతైనా ఫరవాలేదు, డేటాబేస్ అంతటా ఒకటే పాటిస్తే చాలు.

ఒకటికి మించి టేబుళ్లున్న క్వెరీలో, సబ్‌క్వెరీ ఉన్న ప్రతి క్వెరీలో, ప్రతి కాలమ్‌కూ ఏలియస్ రాయాలన్నది కఠిన నియమంగా పెట్టుకోదగినది. సందిగ్ధం అయిన వాటికే రాస్తే సరిపోతుందన్న మాట నిలవదు. సందిగ్ధం కానిది రేపు అవుతుందో లేదో ఆ క్వెరీ రాసినవారి చేతిలో లేదు, టేబుల్ మార్చేవారి చేతిలో ఉంది. డేటాబేస్‌లు తమ సొంత రాతలో చేసేది కూడా ఇదే. రెండు టేబుళ్ల మీద వ్యూ చేసి, దాని నిర్వచనాన్ని తిరిగి చూపించమని పోస్ట్‌గ్రెస్‌ను గానీ మైఎస్‌క్యూఎల్‌ను గానీ అడిగితే, మనం ఒంటరిగా రాసిన కాలమ్‌ల ముందు కూడా టేబుల్ పేరు చేర్చి చూపిస్తాయి.

ఏలియస్ ఎలా పెడతారన్నది కూడా ముఖ్యమే. ఏ, బీ, సీ అని వరుసగా పెట్టుకుంటూ పోతే ఐదు టేబుళ్ల క్వెరీలో డీ.ఐడీ అంటే ఏమిటో తెలియడానికి మళ్లీ పైకి వెళ్లి చూడాలి. టేబుల్‌ను గుర్తుచేసే అక్షరాలు మేలు. ఒకే టేబుల్ రెండుసార్లు వచ్చే చోట, కాడ్ చెప్పినట్టు పాత్రను చెప్పే పేరు కావాలి.

సెలెక్ట్ ఉ.ఐడీ యాజ్ ఉద్యోగి_ఐడీ, ఉ.పేరు యాజ్ ఉద్యోగి_పేరు, మే.పేరు యాజ్ మేనేజర్_పేరు, శా.పేరు యాజ్ శాఖ_పేరు
ఫ్రమ్ ఉద్యోగులు ఉ
లెఫ్ట్ జాయిన్ ఉద్యోగులు మే ఆన్ మే.ఐడీ = ఉ.మేనేజర్_ఐడీ
లెఫ్ట్ జాయిన్ శాఖలు శా ఆన్ శా.ఐడీ = ఉ.శాఖ_ఐడీ
ఆర్డర్ బై ఉ.పేరు

ఇందులో చుక్కకు ఎడమ వైపున్న మాట డేటాబేస్ కోసం, యాజ్ తర్వాతి మాట ఆ ఫలితాన్ని అందుకునే ప్రోగ్రామ్ కోసం. రెండూ వేర్వేరు పనులు, ఒకటి చేసి ఇంకొకటి వదిలితే లత లింకు రఘు దగ్గరికే వెళుతుంది. ఈ క్వెరీని పీహెచ్‌పీ అందుకున్నా జావా అందుకున్నా ఉద్యోగి_ఐడీ 7గానే ఉంటుంది. వచ్చే ఏడాది శాఖలకు మేనేజర్_ఐడీ అనే కాలమ్ చేరినా ఇది ఆగదు, దీని ఫలితమూ మారదు.